త్రవ్విన వాగును మఱల బ్రతికించుట



మన సంఘ సమావేశములలో తఱుచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "పూర్వము వాగొడ్డు బావి శివరాత్రి దాటువఱకు ఎంత తోడినను అడుగంటెడిది కాదు. ఇప్పుడు సంక్రాంతికే మోటారు గాలి పట్టుచున్నది. వానలు బాగుగా కురిసిన యేట కూడ ఇదే వరుస. కారణమేమి?" ఈ ప్రశ్నకు జవాబు బావిలో లేదు, వాగులో నున్నది. వాగులోని ఇసుక పోయినది గనుక ఒడ్డున బావి ఎండినది.

ఇండ్లకు ఇసుక కావలెను. విద్యుత్తునకు బొగ్గు కావలెను. రోడ్లకు రాయి కావలెను. భూమినుండి వీనిని తీయుట పూర్తిగా మానుడని చెప్పుట ఈ పాఠము ఉద్దేశము కాదు. పంట కోసిన పొలమును రైతు అట్లే విడిచిపెట్టడు. దున్ని, ఎఱువు వేసి, వచ్చు కారునకు సిద్ధపఱచును. త్రవ్వకము జరిగిన వాగులోయకును అట్టి సేద్యమే కావలెను. ఆ సేద్యము ఎట్లు చేయవలెనో, అందులో మన సంఘము పాలు ఎంతయో ఇందు వివరింపబడును.

1. మన వాగుల నడక

పాత వరంగల్ జిల్లాను విభజించి 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఏర్పఱచిన జిల్లాలలో జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి మూడును కలవు. జిల్లాలు వేఱైనను నీటికి ఆ హద్దులు లేవు. జనగామ ప్రాంతము ఎత్తైన చెల్కనేల. అచ్చట కురిసిన వాన కొంత మూసీ దిక్కునకు, కొంత ఆకేరు దిక్కునకు పోవును. ఆకేరు వర్ధన్నపేట మీదుగా వచ్చి, మహబూబాబాదు జిల్లాలోని మరిపెడ, డోర్నకల్ ప్రాంతములను తడిపి మున్నేరులో కలియును. పాకాల చెఱువు దిక్కున పుట్టిన మున్నేరు చివరకు కృష్ణను చేరును. భూపాలపల్లి నీరు గోదావరి పాలు. మోరంచవాగు, చలివాగు మొదలైనవి మానేరు దారి పట్టును. మానేరు గోదావరిలో కలియును.

కావున ఎగువనున్న రైతు చేసిన పని దిగువనున్న రైతు బావిలో కనబడును. ఇది మొదట గుర్తుంచుకొనవలసిన మాట.

ఈ వాగులు సంవత్సరము పొడుగునా పైకి పాఱునవి కావు. వానకాలమున పాఱి, చలికాలమున సన్నగిలి, వేసవిలో ఇసుక మాత్రమే కనబడును. చూచువారికి వాగు ఎండినట్లుండును. కాని మన తల్లులు ఆ ఇసుకలో మూరెడు లోతున చెలమ తీసి, ఊఱిన తేటనీటిని గిన్నెతో తోడి కడవలు నింపుకొనెడివారు. ఎండిన వాగు అనునది నిజమునకు ఇసుక క్రింద నడచు వాగు.

2. ఇసుక మన నీటి గాదె

గింజలను గాదెలో పోసికొనినట్లు వాగు తన నీటిని ఇసుకలో దాచుకొనును. ఇసుక రేణువుల నడుమ సందులుండును. ముతక ఇసుకనుండి దాని ఘనపరిమాణములో ఐదవ వంతు, అనగా నూటికి 20 పాళ్ల నీరు సులభముగా దిగివచ్చును. పైనున్న ఇసుక కప్పువలె నుండుటచే ఎండకు ఆవిరి తక్కువ. చెఱువులో నిలిచిన నీటికంటె ఇసుకలో దాగిన నీరు ఎండాకాలమున ఎక్కువ కాలము నిలుచును.

దీనిని లెక్కలో చూతము. ఒక వాగు 50 మీటర్ల వెడల్పు కలది యనుకొందము. అందులో 2 మీటర్ల మందమున ఇసుక యున్నది. ఒక కిలోమీటరు పొడవున అట్టి ఇసుక 1,00,000 ఘనమీటర్లగును. అందు దాగు నీరు 20,000 ఘనమీటర్లు, అనగా రెండు కోట్ల లీటర్లు. మెట్టపైరునకు ఎకరమునకు 5 సెంటీమీటర్ల తడి యిచ్చుటకు సుమారు 200 ఘనమీటర్ల నీరు పట్టును. కావున ఆ ఒక్క కిలోమీటరు ఇసుక ఒకసారి నిండినచో 100 ఎకరములకు ఒక తడి. వానకాలమున వాగు వచ్చిన ప్రతి పర్యాయమును గాదె మఱల నిండును.

ఒక ట్రాక్టరు ట్రాలీలో సుమారు 3 ఘనమీటర్ల ఇసుక పట్టును. ఆ కిలోమీటరు ఇసుక అంతయు 33 వేల ట్రిప్పులు. పది ట్రాక్టర్లు దినమునకు ఇరువదేసి ట్రిప్పుల చొప్పున తోలినచో 170 దినములలో గాదె ఖాళీ యగును. వేల యేండ్లుగా కొండలరిగి, ఏటేట వఱద తెచ్చి పోసిన ఇసుక ఒక్క కారులో పోవును.

3. ఇసుక పోయిన పిమ్మట జరుగునది

నష్టము అంతటితో ఆగదు. వాగుమట్టమును అనుసరించి ఒడ్డులోని నీటిమట్టము నిలుచును. వాగు అడుగు 2 మీటర్లు దిగినచో ఒడ్డులోని నీరును దానివెంట జాఱి వాగులోనికి ఊఱి దిగువకు పోవును. ఇరుప్రక్కల 250 మీటర్ల వఱకు నీటిమట్టము సరాసరి ఒక మీటరు దిగెననుకొందము. చెల్కనేలనుండి నూటికి 5 పాళ్ల నీరు మాత్రమే దిగునని పెట్టుకొన్నను, కిలోమీటరునకు 25,000 ఘనమీటర్లు పోయినట్లే. ఇసుకలో పోయినదానికంటె ఒడ్డులో పోయినది ఎక్కువ! ఇసుక అమ్మినవాడు ఒకడు. బావి ఎండినవారు పదిమంది. ఎండినవారిలో అమ్మినవాడును ఉండుట గమనింపదగినది.

రెండవ నష్టము ఒడ్డు కూలుట. అడుగు లోతైనకొలది ఒడ్డు నిలువుగా నిలిచి, వఱదకు క్రింద కోయబడి, పైనున్న పొలముతో సహా విఱిగిపడును. వంతెన స్తంభముల పునాదులు బయటపడును.

మూడవది ప్రాణాపాయము. యంత్రములు తీసిన గోతులు వఱదనీటి క్రింద కనబడవు. దాటబోవు పశువులును, ఈతకు దిగు పిల్లలును అందు మునుగుదురు.

నాల్గవది వాగును నమ్ముకొనిన జీవరాశి నష్టము. నిలువు ఒడ్డులోని మెత్తని మట్టిలో లకుముకిపిట్ట బొరియ చేసికొని పిల్లలను పెంచును. తీతువు ఇసుకతిన్నెలమీదనే గ్రుడ్లు పెట్టును. వేసవిలో మిగులు మడుగులలో కొఱమేను, జెల్ల మొదలైన చేపలు తలదాచుకొని, తొలకరి నీటితో మఱల వాగంతయు నిండును. ఒడ్డుననున్న ఈతచెట్లు గీతవారి జీవనాధారము. రెల్లుగడ్డి గుడిసెకు కప్పు. మడుగు పోయిన చేప పోవును. ఒడ్డు పోయిన ఈత పోవును. వీనితో ఊరిలోని బీదవాని కూడు పోవును.

వఱదలను గూర్చి ఒక మాట. 2023వ సంవత్సరము జూలై 27వ తేదీ ఉదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచెను. ప్రజలు ఇండ్ల కప్పులమీద నిలిచి ప్రాణములు దక్కించుకొనిరి. 2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన ఆకేరు మరిపెడ మండలము పురుషోత్తమాయగూడెము వంతెన మీదుగా పొరలెను. కేసముద్రము, ఇంటికన్నెల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయెను. ఇట్టి వానలను ఇసుక త్రవ్వకము తెచ్చినదనుట న్యాయము కాదు. ఆ వానను ఏ కట్టయు ఆపజాలదు. కాని వఱద వచ్చినపుడు వేళ్లతో అల్లుకొన్న ఒడ్డు నిలుచునా, యంత్రము గీచిన ఒడ్డు నిలుచునా అనునది రైతునకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

4. బాగుపడిన లోయ యొకటి

చెడిన లోయ మఱల బాగుపడునా యని సందేహించువారు డెహరాడూను సమీపముననున్న సహస్రధార సంగతి వినవలెను. హిమాలయ పాదములలోనున్న ఆ లోయలో సున్నపురాతి గనులు కొండలను గుల్లచేసి, రాతిపొడిని వాగులలోనికి దింపెను. 1985లో సుప్రీముకోర్టు ఆ ప్రాంతపు గనులను పెక్కింటిని మూయించెను. మూతపడిన గనిప్రాంతములో 64 హెక్టార్లను డెహరాడూనులోని భూజల సంరక్షణ పరిశోధన సంస్థవారు 1984 మొదలుకొని బాగుచేసిరి.

వారు చేసిన పనులు మనకు తెలియనివి కావు. వాగు అడ్డముగా తీగవలలలో రాళ్లు కట్టి చిన్న అడ్డుకట్టలు వేసిరి. జాఱు వాలులపై జనుపవలలు పఱచి గడ్డి నాటిరి. ఒడ్డున వావిలి వంటి మొండిపొదలతో బ్రతుకుకంచె పెంచిరి. పిదప చెట్లు నాటిరి. కొలువగా తేలిన ఫలితమిది: పచ్చదనము నూటికి 10 పాళ్లనుండి 80 పాళ్లకు పెరిగెను. కురిసిన వానలో వెంటనే కొట్టుకొనిపోవు భాగము నూటికి 57 నుండి 37కు తగ్గెను. హెక్టారునకు ఏటికి 550 టన్నులు దిగుచుండిన రాతిమట్టి పది టన్నులకు లోపలికి వచ్చెను. వానలు ముగిసిన పిమ్మట వాగు పాఱు దినములు 60 నుండి 240 అయ్యెను.

సోదరులారా, చివరి సంఖ్యను మఱియొకసారి చదువుడు. వాన అంతే కురిసినది. నేల దానిని పట్టుకొనుట నేర్చినది.

రాజస్థానములోని అల్వారు జిల్లాలో తరుణ భారత సంఘము 1985 నుండి గ్రామస్థులచేత మట్టికట్టల కుంటలు కట్టించెను. సరిస్కా అడవిలోని పాలరాతి గనుల విషయమున ఆ సంఘమే సుప్రీముకోర్టుకు పోగా, 1991లోను 1993లోను ఆ గనులను నిలుపు ఆజ్ఞలు వచ్చినవి. ఎండిన ఆర్వరి నది మఱల పాఱుటయే గాక, ఆ నీటిని ఎవరు ఎంత వాడవలెనో నిర్ణయించుకొనుటకు తీరగ్రామములవారు 1999లో ఒక సభను ఏర్పఱచుకొనిరి. నీరు తెచ్చుకొనుట యొక పని. తెచ్చుకొనిన నీటిని కాచుకొనుట మఱియొక పని.

5. వాగును బాగుచేయు క్రమము

మొదటి పని: త్రవ్వకము నిలుపుట. గాయము రేగుచుండగా మందు పట్టదు. బాగుచేయదలచిన మేరకు, దాని ఎగువ దిగువలను కలిపి, త్రవ్వకము పూర్తిగా ఆగవలెను.

రెండవ పని: కొలుచుట. వాగొడ్డున పది బావులను ఎన్నుకొని, ప్రతి పున్నమినాడు ముళ్లు వేసిన త్రాటితో నీటిలోతు కొలిచి సంఘపు పుస్తకములో వ్రాయవలెను. వాగులో మూడు నాలుగు చోట్ల ఇనుపకడ్డీ దింపి ఇసుక మందము చూడవలెను. ఈ లెక్క లేనిదే చేసిన పనికి ఫలితము కలిగినదో లేదో తెలియదు. అధికారుల యెదుట మాటాడుటకు ఆధారమును ఉండదు.

మూడవ పని: గోతులను సరిచేయుట. గోతుల నిలువు అంచులను విఱిచి ఏటవాలుగా చేయవలెను. వాగులో విడిచిన గులకరాళ్ల గుట్టలను నెట్టి చదును చేయవలెను. గోతులను చెత్తతోగాని, బూడిదతోగాని, చౌడుమట్టితోగాని పూడ్చరాదు. అట్లు చేసిన నీరు చెడును, ఊట మూయబడును. వఱదయే వానిని ఇసుకతో నింపవలెను. ఒకటి రెండు లోతు మడుగులను చేపలకొఱకు విడువవలెను.

నాల్గవ పని: ఇసుకను పట్టు చిన్న అడ్డుకట్టలు. ఎత్తైన కట్ట ఒకటి కట్టుటకంటె మోకాలెత్తువి నాలుగు కట్టుట మేలు. ఎత్తైన కట్ట వెనుక నీరు కదలక నిలిచి, ఒండ్రు దిగి ఊటను మూయును. దిగువ వాగునకు ఇసుక అందదు. ఆఫ్రికాలోని కెన్యా దేశమున మచాకోస్, కిటుయి ప్రాంతముల రైతులు ఇట్టి ఇసుకకట్టలను విరివిగా కట్టుకొనిరి. మొదటి యేట కొద్ది ఎత్తు లేపుదురు. వఱదలో మెత్తని మట్టి పైనుండి పోవును, ముతక ఇసుక వెనుక నిలుచును. అది నిండిన పిమ్మట మఱికొంత లేపుదురు. కట్ట రెండు చివరలు ఒడ్డులోనికి బాగుగా చొప్పింపవలెను; లేనిచో వఱద ప్రక్కనుండి దారి చేసికొనును. చోటు చూపుటకు ఇంజనీరు సలహా తప్పక పొందవలెను.

ఐదవ పని: ఒడ్డునకు వేళ్ల అల్లిక. నీటి అంచున రెల్లు, తుంగ, వట్టివేరు నాటవలెను. దానిపైన వావిలి, ఈత. ఒడ్డు తలపైన ఏరుమద్ది, కానుగ, నేఱేడు, వెదురు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో నేల తడిసినపుడు నాటిన మొక్కకు వేసవిలోగా వేరు దిగును. మొదటి రెండేండ్లు పశువులు త్రొక్కకుండ ముళ్లకంచె వేయవలెను. జామాయిలును ఒడ్డున నాటరాదు. అది నీటిని ఎక్కువగా త్రాగును, దాని క్రింద గడ్డి నిలువదు. సర్కారుతుమ్మ మొలచినచో చిన్ననాడే పెఱికివేయవలెను. ఒడ్డునుండి పది అడుగుల వెడల్పున దున్నక విడిచిన రైతు పది అడుగుల నేల పోగొట్టుకొనినవాడు కాడు. తక్కిన పొలమును కాచుకొనినవాడు.

ఆఱవ పని: ఎగువను బాగుచేయుట. వాగు పుట్టునది వాగులో కాదు, పొలములలోను, కుంటలలోను. కాకతీయ రాజుల కాలమువారు ఈ రహస్యమును ఎఱిగియే పాకాల, రామప్ప, ఘనపురము, లక్నవరము చెఱువులను కట్టించిరి. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారపు చెఱువును కట్టించినట్లు శాసనము కలదు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పనులలో ఎత్తిన చెఱువుమట్టి చెల్కలకు ఎఱువైనది. ఆ పనిని ఊరివారు ఏటేట కొనసాగింపవలెను: తూములు సరిచూచుట, మత్తడి కాపాడుట, చెఱువునకు నీరు తెచ్చు కాలువలను ఆక్రమింపకుండుట, వాలునకు అడ్డముగా దున్నుట.

ఇన్ని చేసినను ఫలితము ఒక్క యేటిలో రాదు. గడ్డి మొదటి యేట కనబడును; బావిలో మార్పు కొన్ని వానకాలములు గడచిన పిమ్మట; చెట్టునీడ పదియేండ్లకు. తోట వేసిన రైతునకు ఈ ఓర్పు క్రొత్త కాదు.

6. బొగ్గు తీసిన నేల

భూపాలపల్లి సభ్యులకు ఇసుకతోపాటు బొగ్గుగనుల చింతయు కలదు. 1871లో ఇల్లెందు దగ్గఱ బొగ్గు కనుగొనబడెను. 1889లో త్రవ్వకము ఆరంభమయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు వచ్చెను. భూపాలపల్లిలోని కాకతీయ ఖనులు ఆ సంస్థవే. భూగర్భ గనులతోపాటు ఉపరితల గనులును అచ్చట కలవు.

ఉపరితల గనిలో బొగ్గును చేరుటకు పైమట్టిని, రాతిపొరలను పెల్లగించి దిబ్బలుగా పోయుదురు. గోతిలోని నీటిని తోడిపోయుదురు. అందుచే మూడు చిక్కులు కలుగును. దిబ్బలనుండి మట్టి వాగులోనికి దిగి మడుగులను పూడ్చును. గనినీరు తోడుటచే చుట్టుప్రక్కల బావులు దిగును. అడుగుననుండిన రాతిమట్టి పైకి వచ్చుటచే, జీవము లేని ఆ నేలపై గడ్డియు త్వరగా మొలవదు.

బాగుచేయుటలో మొదటి సూత్రము పైమట్టిని వేఱుగా దాచుట. మన పొలములో జానెడు మందముననున్న నల్లని మట్టిలోనే సారమును, సూక్ష్మజీవులును ఉండును. దానిని రాతిమట్టితో కలిపినచో ఎంత ధనము పోసినను మఱల రాదు. వేఱుగా, తక్కువ ఎత్తు కుప్పలుగా పోసి, పైన జనుము, పిల్లిపెసర చల్లి, వీలైనంత త్వరగా తిరిగి పఱపవలెను. చాలకాలము ఎత్తుగా కుప్పవేసిన మట్టి లోపల చచ్చును.

రెండవది దిబ్బల వాలు. నిటారుగా కాక మెట్లుమెట్లుగా తీర్చి, చుట్టును కాలువ త్రవ్వి, ఆ నీటిని ఒండ్రు దిగు గుంటలో నిలిపి, తేటనీటినే వాగులోనికి విడువవలెను. గుంటలోని ఒండ్రును వానకాలమునకు ముందు ఎత్తివేయవలెను.

మూడవది మొక్కల వరుస. మొదట గడ్డి, పిదప జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట, ఆ పిదప కానుగ, వేప, వెదురు మొదలగునవి. ఒకే జాతిచెట్లు వరుసగా నాటినది తోట యగును గాని అడవి కాదు. పక్షులు వ్రాలవలెనన్న పలుజాతులుండవలెను. అట్టి నేలపై తినుపంటలు వేయుటకు ముందు మట్టిని, గనిగోతి నీటిని పరీక్షింపించుట తప్పనిసరి.

ఇందొక మేలుమాట కలదు. పూర్వము భూగర్భ గనులలో బొగ్గు తీసిన ఖాళీలను నింపుటకు గోదావరి ఇసుకను వాడుచుండిరి. ఇప్పుడు గనిదిబ్బల మట్టినుండియే ఇసుకను వేఱుచేయు యంత్రశాలను సింగరేణి సంస్థ భూపాలపల్లిలో నెలకొల్పినది. దిబ్బ తగ్గును, నది ఇసుకయు మిగులును. ఇండ్ల కట్టుబడికి రాతినుండి తయారగు ఇసుకయు ఇట్టిదే. వాగు ఇసుకకు బదులు లేదనుట ఇక చెల్లదు.

7. చట్టము మన పక్షమున నున్నది

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, జనులు వాల్టా యనునది, ఇసుక త్రవ్వకముచే భూగర్భజలమునకు హాని కలుగుచోట దానిని నిషేధించు అధికారమును ప్రభుత్వాధికారులకు ఇచ్చుచున్నది. కేంద్ర పర్యావరణ శాఖ 2016లో ఇసుక త్రవ్వకమునకు మార్గదర్శకములు వెలువరించెను. వానినిబట్టి 3 మీటర్లకంటెగాని, నీటిమట్టముకంటెగాని, ఏది తక్కువైన దానికంటె లోతుగా త్రవ్వరాదు. ఒడ్డును ఆనుకొని కొంత మేర విడువవలెను. వానకాలమున త్రవ్వరాదు.

బొగ్గుగనికి మూసివేత ప్రణాళిక యుండవలెనని బొగ్గు మంత్రిత్వశాఖ 2009లో నిర్దేశించెను. గని నడచుచుండగానే ఏటేట కొంత ధనమును ప్రత్యేక ఖాతాలో వేసి, నేలను బాగుచేయుటకు నిలువయుంచవలెను. మఱియు 2015 నాటి చట్టసవరణచే జిల్లా ఖనిజ నిధి యేర్పడినది. గనుల ప్రభావమునకు గుఱియైన గ్రామములలో త్రాగునీరు, పర్యావరణ రక్షణ మొదలైన పనులకు అది ఖర్చుపడవలెను. అడుగనివానికి అమ్మయైన పెట్టదు. మన గ్రామసభ తీర్మానించి, బావుల లెక్క జతపఱచి, వ్రాతమూలముగా అడుగవలెను.

8. సంఘము చేయవలసినది

ఇక మనసునకు కష్టమైన మాట. వాగులోనికి దిగు ట్రాక్టరు ఎవరిది? పెక్కుచోట్ల మన సభ్యునిదే. సేద్యమునకని అప్పు తెచ్చి కొనినది, దుక్కి లేని దినములలో వాయిదా కట్టుటకు ఇసుక తోలుచున్నది. అతనిని దొంగ యనుట సులభము. అతని వాయిదాను గూర్చి ఆలోచించుట కష్టము. ఆ రెండవ పనియే సహకారము.

కావున ఈ క్రింది పద్ధతిని సభ్యుల ఆలోచనకు ఉంచుచున్నాను. ట్రాక్టరు అప్పు ఇచ్చునపుడే వాగు ఇసుక అమ్మకమునకు తోలరాదని షరతు వ్రాసికొనవలెను. అట్లు మానిన సభ్యునకు చెఱువుమట్టి, పశువుల ఎఱువు, ధాన్యము, సంఘపు ఎఱువుబస్తాలు చేరవేయు కిరాయిని మొదట ఇవ్వవలెను. వాయిదాలను పంట చేతికి వచ్చు నెలలకు మార్చవలెను. ఊరివారి ఇండ్లకు కావలసిన కొద్ది ఇసుకను అధికారుల అనుమతితో, సభ నిర్ణయించిన చోట, నిర్ణయించిన లోతువఱకు మాత్రమే తీయనీయవలెను. ఆ లెక్క పంచాయతీ గోడపై అందఱికి కనబడునట్లు వ్రాయవలెను.

"మేము మానినను ఎగువ ఊరివారు మానరు గదా" అని కొందఱందురు. నిజమే. ఒక ఊరు ఒక్కటే వాగును కాపాడజాలదు. అందుకే ఒకే వాగు వెంటనున్న సంఘములన్నియు ఏటికి రెండుమార్లు, తొలకరికి ముందొకసారి, వానలు వెళ్లిన పిమ్మట నొకసారి కలిసికొని, బావుల పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలెను. ఎగువవాని లాభము దిగువవాని బావిలో ఎంత లోటైనదో అంకెలలో కనబడినపుడు వాదము తగ్గును. ఇరువురును ఒకే సహకార బ్యాంకు సభ్యులైనపుడు మాట కలియుటయు సులభము.

ట్రిప్పు సొమ్ము సాయంత్రమునకు చేతికి వచ్చును. బావినీరు వేసవికి గాని కనబడదు. అందుచే మనుష్యుడు మొదటిదానికి లొంగుట సహజము. ఒంటరివాడు నిలువలేని చోట పదిమంది ఒక కట్టుబాటుతో నిలువగలరు. సంఘము పెట్టుకొనుటలోని అర్థమే అది.

సభ్యులు వచ్చు సమావేశమునకు ఈ క్రింది ప్రశ్నలకు జవాబులు వ్రాసికొని రావలెను.

ఒకటి: మీ ఊరి వాగు ఎచ్చట పుట్టి, ఏ ఏ ఊళ్లు దాటి, ఏ నదిలో కలియును?
రెండు: వాగులో నేడు ఇసుక మందమెంత? పదియేండ్లనాడు ఎంత యుండెనని పెద్దలు చెప్పుచున్నారు?
మూడు: వాగునకు ఇరుప్రక్కల 250 మీటర్లలోపల ఎన్ని బావులు, బోర్లు కలవు? వానిలో వేసవికి నిలుచునవి ఎన్ని?
నాలుగు: ఒడ్డున ఈత, ఏరుమద్ది, వావిలి ఎచ్చట మిగిలియున్నవి? వాని విత్తనము, పిలకలు ఎవరు సేకరింపగలరు?
ఐదు: ఇసుక తోలుట మానిన ట్రాక్టరు సభ్యునకు మీ ఊరిలో ఏ కిరాయి పని చూపగలరు?

ఐదవ ప్రశ్నకు జవాబు దొరకిన ఊరిలో మొదటి నాలుగింటి పని తానే నడచును. మొదటి పున్నమికే త్రాడు, పుస్తకము సిద్ధము చేసికొనుడు.